కౌంటరుకు అవతల మా తమ్ముడు

మా పెండ్లిమర్రి వైపు కువైట్‌ పోవాలంటే అందరికీ తెలిసిన దారి ఒకటే. ఏజెంటును పట్టుకోవాలి. మెడలోది కుదువ పెట్టాలి. వీసా కాగితం చేతికొచ్చేదాకా పొలతల మల్లన్నకు మొక్కుకుంటూ ఉండాలి. అలాంటి చోట మా తమ్ముడు పరీక్ష రాసి కువైట్‌ పోయాడు.

'కువైట్‌ పోను పరీచ్చ ఎందుకు వదినా? నాకొక మాట చెప్పింటే మా బామ్మర్దితో వీసా పంపిస్తాంటి గదా!' అని మా వీధిలో ఒకాయన అమ్మ దగ్గర నిజంగానే బాధపడ్డాడట. ఆయన బాధకు అర్థం ఉంది. డిగ్రీ చదివి, హైదరాబాద్‌లో నాలుగేళ్లు అద్దె గదిలో పుస్తకాలు ముందేసుకుని కూర్చుని, ఆఖరికి చేరింది కూడా అక్కడికేనా అని!

అమ్మకూ మొదట్లో ఆ ఉద్యోగం ఏమిటో అంతుపట్టలేదు. 'రాయబార కార్యాలయం' అని నేను పత్రికల భాషలో చెప్పాను. ఆమె కృష్ణరాయబారం నాటకాలు తెల్లవార్లూ చూసి పెరిగిన మనిషి. 'అయితే వీడు పద్యాలు పాడాల్నా?' అంది.

పద్యాలు పాడేది పైవాళ్లు. వీడు రాసేది ఫైళ్లు. స్టాఫ్‌ సెలక్షన్‌ కమిషన్‌ వాళ్ల డిగ్రీ స్థాయి పరీక్ష ఒకటుంది. ఇన్‌కం ట్యాక్స్‌, కస్టమ్స్‌, ఆడిట్‌ లాంటి శాఖలన్నిటికీ అదొకటే పరీక్ష. మంచి ర్యాంకు వస్తే విదేశాంగ శాఖలో అసిస్టెంట్‌ సెక్షన్‌ ఆఫీసర్‌ పోస్టు కోరుకోవచ్చు. ఏడో వేతన సంఘం లెక్కలో మూల వేతనం 44,900 రూపాయలతో మొదలు. పరాయి దేశానికి పంపితే దానిమీద విదేశీ భత్యం, ఉండటానికి ఇల్లు. కొన్నేళ్లు ఢిల్లీ, కొన్నేళ్లు బయట, మళ్లీ ఢిల్లీ... రిటైరయ్యేదాకా ఇదే వరస. సర్కారు కొలువే, కాకపోతే బదిలీ అయ్యేది పక్క జిల్లాకు కాదు, పక్క ఖండానికి.

వాడు ఢిల్లీలో చేరింది 2020 మొదట్లో. సీటూ ఫైలూ కుదురుకునేలోపే కరోనా వచ్చి పడింది. ఆ మార్చిలో విదేశాంగ శాఖ కంట్రోల్‌ రూమ్‌ తెరిచింది. కొత్తగా చేరిన పిల్లలను తీసుకెళ్లి ఫోన్ల ముందు కూర్చోబెట్టారు. అన్ని దేశాల నుంచీ కాల్సే. మే నెలలో వందే భారత్‌ విమానాలు మొదలయ్యాయి. 9వ తేదీ రాత్రి కువైట్‌ నుంచి మనవాళ్లతో ఒక విమానం హైదరాబాద్‌లో దిగింది. ఆ రాత్రి వీడు నాకు ఫోన్‌ చేసి, 'అక్కా, మనోళ్లు దిగినారంట' అన్నాడు. అదేదో తనే స్వయంగా చెయ్యి పట్టుకుని దింపినట్టు! ఆ ఉద్యోగం మీద వాడికి మనసు పడింది అప్పుడేనని నా అనుమానం.

బయటి పోస్టింగుకు ఖాళీల జాబితా వస్తుంది. ఇష్టాలు రాసివ్వమంటారు. వీడు యూరప్‌లో చల్లటి ఊళ్లు నాలుగు రాశాడు. వచ్చింది కువైట్‌. ఇంట్లో మేము నవ్విన నవ్వు ఇంతా అంతా కాదు.

2022 ఆగస్టులో అక్కడ దిగాడు. కడపలో పుట్టినవాడికి ఎండ గురించి ఎవరు చెప్పాలి అనుకున్నాడట. మనకు 44 డిగ్రీలంటే పేపర్లో మొదటి పేజీ వార్త. కువైట్‌లో మిత్రిబా అనే చోట 2016 జులై 21న నమోదైన వేడి 53.9 డిగ్రీలు. ప్రపంచ వాతావరణ సంస్థ పరిశీలించి మరీ ఖాయం చేసిన లెక్క అది. జూన్‌ నుంచి ఆగస్టు దాకా పగలు పదకొండు నుంచి నాలుగు వరకు ఆరుబయట పని చేయించకూడదని అక్కడ నిబంధన. 'ఆ ఎండకు మన పుష్పగిరి ఎండ చలివేంద్రం లెక్క అక్కా' అన్నాడు మొదటి వారంలో.

కుదురుకోవడమంటే ఎండ ఒక్కటే కాదుగా. అక్కడ సెలవులు శుక్ర, శనివారాలు. మనం ఆదివారం పొద్దున్నే టీ గ్లాసు పక్కన పెట్టుకుని ఈ పుస్తకం తిరగేసే వేళకు వాడు ఆఫీసులో వారం మొదలుపెడుతుంటాడు. డబ్బు లెక్క ఇంకో తిరకాసు. దినారుకు వెయ్యి ఫిల్సులు. అంటే చుక్క తర్వాత మూడంకెలు రాయాలి. రూపాయి పక్కన రెండంకెలు రాసి అలవాటైన చెయ్యి కదా, మూడు నెలల పాటు ప్రతి ఓచరూ రెండుసార్లు కూడుకున్నాడు. ఇంట్లో ఒంటరి వంట. అమ్మ పంపిన ఊరిబిండి పొడి డబ్బా అయిపోయిన రోజు వాడి గొంతు ఫోన్లోనే తెలిసిపోయింది. తర్వాత్తర్వాత శుక్రవారం సాయంత్రాలు మాలియా వైపు నడవటం అలవాటు చేసుకున్నాడు. కువైట్‌ సిటీలో మన తెలుగువాళ్లు సెలవు రోజున గుంపులుగా కలిసే చోటు అది. 'బస్టాండులో నిలబడినట్టే ఉంటాది. రాయచోటి మాట ఒక పక్క, రాజంపేట మాట ఒక పక్క.'

అదేం విచిత్రం కాదు. మన జిల్లాకూ కువైట్‌కూ బంధుత్వం పాతది. అసలు 1961 దాకా కువైట్‌లో చెలామణి అయింది మన రూపాయే. 1959లో రిజర్వ్‌ బ్యాంకు గల్ఫ్‌ కోసమని వేరే రంగుల్లో నోట్లు కూడా అచ్చు వేసింది. ఆ తర్వాత వాళ్లకు దినారు వచ్చింది, చమురు డబ్బు వచ్చింది. మనకు కరువు వచ్చింది. బోర్లు ఎండి, చీనీచెట్లు కొట్టేసిన ఇళ్ల నుంచి ఒక్కొక్కరుగా విమానం ఎక్కారు. మగవాళ్లు డ్రైవర్లుగా, ఆడవాళ్లు ఇంటిపనికి. 1990 ఆగస్టు 2న ఇరాక్‌ సైన్యం కువైట్‌లో జొరబడినప్పుడు మన ప్రభుత్వం జోర్డాన్‌ రాజధాని అమ్మాన్‌ మీదుగా లక్ష మందికి పైగా భారతీయులను వెనక్కి తెచ్చింది. దాదాపు రెండు నెలల పాటు 488 విమానాలు తిరిగాయి. అలా వచ్చినవాళ్లలో ఒకాయన మా పక్క వీధిలోనే ఉంటాడు. ఎడారిలో బస్సు, గుడారం, నీళ్ల కోసం వరస... చెప్పడం మొదలుపెడితే ఆపడు. విచిత్రమేమిటంటే, రెండేళ్లు తిరక్కుండానే మళ్లీ వెళ్లాడు. 'ఈడుండి ఏం చేసేది?' అన్నది ఆయన ప్రశ్న. నాకిప్పటికీ జవాబు దొరకలేదు.

ఇప్పుడు కువైట్‌లో భారతీయులు పది లక్షల దాకా ఉంటారు. వాళ్లందరికీ ఆఫీసు ఒకటే, అరేబియన్‌ గల్ఫ్‌ స్ట్రీట్‌లోని మన ఎంబసీ. దాంట్లో ఒక కుర్చీలో మా వాడు.

మొదట్లో వాడు కౌంటరులో హిందీ మాట్లాడేవాడు. రూలని కాదు, ఢిల్లీ అలవాటు. ఒకరోజు నడివయసు ఆడమనిషి ఒకామె కాగితాలు అందించి, వాడు అడిగిన దానికల్లా తల ఊపుతోందట. అర్థమైందో లేదో తెలియదు. వాడు పెన్ను కింద పెట్టి, 'ఏమ్మా, యాడ సంతకం పెట్టాల్నో చెప్పినాను గదా' అన్నాడు. అంతే! ఆమె కౌంటరు అద్దానికి రెండు చేతులూ ఆనించి, 'నాయనా, మీది కడపా?' అని భోరుమంది. ఏడుపు ఆగాక ఆమె చెప్పిన కథ అరగంట. వెనకాల వరస అరుస్తోంది.

మర్నాటి నుంచి వీడి కౌంటరు ముందే పొడుగాటి వరస. పై అధికారి నవ్వి, తెలుగు తెలియనివాళ్లను కూడా అప్పుడప్పుడూ చూడవయ్యా అన్నారట.

నాకు కడపలోని బ్రౌన్‌ దొర గ్రంథాలయం గుర్తొచ్చింది. చార్లెస్‌ ఫిలిప్‌ బ్రౌన్‌ 1820లో కలెక్టరుకు సహాయకుడిగా కడపకు వచ్చినప్పుడు ఆయన వయసు 21. ఆయనా పరాయి గడ్డమీద తన సర్కారు కొలువు చేసినవాడే. అర్జీదారు మాట అర్థం కాకుండా కచేరీ ఎట్లా నడుస్తుందని తెలుగు పట్టుకున్నాడు, తర్వాత నిఘంటువే రాశాడు. మా వాడికి అంత శ్రమ లేదు. చేయవలసిందల్లా అమ్మ నేర్పిన మాటను ఆఫీసులో దాచుకోకుండా ఉండటమే.

కానీ మాట తెలిసినంత మాత్రాన పని అవుతుందా? ఇక్కడే అసలు గొడవంతా. వాడు ఎంబసీలో చేరాడన్న కబురు ఊరు దాటి వీరపునాయునిపల్లె, వేంపల్లె దాకా పాకింది. మా ఇంటి అరుగు మీద పాస్‌పోర్టు జిరాక్సులు పట్టుకుని మనుషులు. 'మా వాడికి వీసా ఇప్పించమను పెద్దమ్మా.' కువైట్‌లో ఉన్న మన ఎంబసీ కువైట్‌ వీసా ఇవ్వదు. అది ఇచ్చేది కువైట్‌ ప్రభుత్వం. మన ఎంబసీ ఇచ్చేది మనవాళ్లకు మన పాస్‌పోర్టు, మన దేశానికి వచ్చే వాళ్లకు మన వీసా. ఈ ఒక్క ముక్క చెప్పడానికి అమ్మకు ఒక సంవత్సరం పట్టింది. 'జైల్లో ఉండాడు, విడిపించమను.' మనిషి జైల్లో ఉన్నాడని తెలిస్తే ఎంబసీ వాళ్లు పోయి చూస్తారు, వకీలు సాయం చూస్తారు. తలుపు తీయించలేరు. 'సేటు జీతం ఇయ్యలేదు, పోయి అడగమను.' ఫిర్యాదు రాసుకుంటారు, యజమానిని పిలుస్తారు, అక్కడి కార్మిక శాఖకు పంపుతారు. ఇంట్లోకి జొరబడలేరు.

అక్కడ చట్టం లేదా అంటే ఉంది. 2015లో కువైట్‌ ఇంటి పనివాళ్ల కోసం 68వ నంబరు చట్టం తెచ్చింది. రోజుకు పన్నెండు గంటలకు మించి పని చేయించకూడదు, వారానికి ఒకరోజు సెలవు, ఏడాదికి నెలరోజులు జీతంతో సెలవు, పాస్‌పోర్టు యజమాని లాక్కోకూడదు. కాగితం మీద బాగుంది. నాలుగు గోడల మధ్య ఉన్న మనిషికి ఆ కాగితం ఎవరు చదివి వినిపిస్తారు? ఇక్కడ బయల్దేరేటప్పుడే చదివి వినిపించాలి. రిజిస్టరైన ఏజెంటు తీసుకోవలసిన రుసుము 30 వేల రూపాయలు, దానిమీద జీఎస్టీ. అంతకు మించకూడదు. పదో తరగతి లేని ఆడవాళ్లు 30 ఏళ్లు నిండకుండా గల్ఫ్‌లో ఇంటిపనికి వెళ్లకూడదు. మా వైపు ఈ రెండు నిబంధనలూ తెలిసిన ఇల్లు పదింట్లో ఒకటి ఉంటే గొప్ప అనుకుంటా. 275 రూపాయలు కడితే రెండేళ్లకు పది లక్షల ప్రమాద బీమా ఉందని తెలిసిన ఇల్లు అది కూడా ఉండదేమో.

ఇక ఆ మనిషి సంగతి. పేరు వద్దు. అమ్మతో పాటు చెనిక్కాయ చేలో కలుపు తీసిన మనిషి. మా తమ్ముణ్ని చంకనేసుకుని తిప్పిన మనిషి. భర్త పోయాక కూతురి పెళ్లి అప్పు తీర్చడానికి కువైట్‌ పోయింది. చేరిన ఇంట్లో అయిదు నెలలు జీతం ఇవ్వలేదు, పాస్‌పోర్టు వాళ్ల బీరువాలో. ఒక రాత్రి కట్టుబట్టలతో బయటికి వచ్చేసింది. అలా వచ్చేసిన వాళ్లను అక్కడ 'ఖల్లివల్లి' అంటారు. అకామా ఉండదు, ఆసుపత్రి ఉండదు, పోలీసు కనిపిస్తే పక్క సందులోకి. ఆ ఇల్లూ ఈ ఇల్లూ పాచిపని చేస్తూ రెండేళ్లకు పైగా గడిపింది. ఎంబసీకి రమ్మంటే భయం, అక్కణ్నుంచే పట్టిస్తారని ఎవరో చెప్పారట.

2024 మార్చిలో కువైట్‌ ప్రభుత్వం క్షమాభిక్ష ప్రకటించింది. జూన్‌ 17 లోగా (తర్వాత 30 దాకా పొడిగించారు) జరిమానా కట్టకుండా దేశం విడిచిపోవచ్చు. పాస్‌పోర్టు లేనివాళ్లకు ఎంబసీ ఎమర్జెన్సీ సర్టిఫికెట్‌ ఇస్తుంది. గల్ఫ్‌లో అందరూ ఔట్‌పాస్‌ అంటారు. ఒక్కసారి, ఒక్కవైపు ప్రయాణానికే పనికొస్తుంది. ఇంటికి రావడానికి మాత్రమే. ఆమె ధైర్యం చేసి వస్తానంది. అమ్మ వెంటనే ఫోన్‌ చేసింది.

'ఆమెది ముందు చూడురా.'

'వరసలో రమ్మను మా. చూస్తాం.'

'నిన్ను ఎత్తుకోని తిప్పిందిరా!'

'వరసలో ఉండే వాళ్లందర్నీ ఎవురో ఒకరు ఎదురు చూస్తాండారు మా. ఈమెను ముందు పిలిస్తే, ఎండలో నాలుగు గంటలు నిలబడినోళ్లకు నేను ఏం చెప్పల్ల?'

అమ్మ ఫోన్‌ పెట్టేసింది. నాలుగు రోజులు వాడితో మాట్లాడలేదు. నాతో మాత్రం రోజూ మాట్లాడింది, వాడి గురించే. 'సర్కారు అన్నం తింటే మనిషి ఇంత మారతాడా?' అని. వాడి మాటలో తప్పు వెతకడం నా వల్ల కాలేదు. అట్లాగని అమ్మ వైపు న్యాయం లేదని అనడానికి నోరు రాలేదు. కలుపు తీసిన చేతులు నేనూ చూశాను. ఇద్దరి ఫోన్లూ ఎత్తుతూ మధ్యలో కూర్చున్నా.

వేలల్లో జనం. తెల్లవారకముందే వచ్చి నిలబడేవాళ్లు. కాగితాల్లో ఊరి పేరు ఒక తీరు, ఆధార్‌లో ఇంకో తీరు, పుట్టిన తేదీ ఎవరికీ గుర్తుండదు. వాడు ఇంటికి పోయేసరికి రాత్రి తొమ్మిది.

అది సద్దుమణగకముందే జూన్‌ 12 వచ్చింది. తెల్లవారుజామున మంగఫ్‌లో కార్మికులు ఉండే భవనానికి నిప్పంటుకుంది. చనిపోయిన మన భారతీయులు కనీసం 45 మంది. ముగ్గురు ఆంధ్రప్రదేశ్‌ వాళ్లు. ఎక్కువమంది కేరళవాళ్లు. ఎంబసీ హెల్ప్‌లైన్‌ నంబరు ఇచ్చింది. 14వ తేదీన వాయుసేన విమానం శవపేటికలతో కొచ్చిలో దిగింది. ఆ మూడు రోజులు వాడు మా ఫోన్‌ ఎత్తలేదు. పత్రికలో ఉన్నదాన్ని కదా, ఎన్నో అడగాలనుకున్నాను. నాలుగో రోజు వాడే చేశాడు. ఏమీ అడగలేకపోయాను. 'పేర్లు సరిచూసినామక్కా' అన్నాడు. 'ఒక్క అక్షరం తేడా రాకూడదు గదా. ఇంకొకరి ఇంటికి పోతాది.'

అంతకుముందు కూడా మరణాల ఫైలు చూశాడు వాడు. ఎవరైనా పోతే మరణ ధ్రువపత్రం, పోలీసు కాగితం, యజమాని అంగీకారం, పాస్‌పోర్టు రద్దు, ఎంబసీ నిరభ్యంతర పత్రం, ఎంబామింగ్‌ సర్టిఫికెట్‌, ఆ తర్వాత కార్గో బుకింగు. యజమాని ఖర్చు పెట్టకపోతే, ఇంటివాళ్లకు తాహతు లేకపోతే ప్రవాస భారతీయుల సంక్షేమ నిధి ఉంది. 2009లో పెట్టారు. ఇవన్నీ అయ్యాక చెన్నైలోనో హైదరాబాద్‌లోనో పెట్టె దిగుతుంది. మనకు అంబులెన్సు సైరను మాత్రమే వినిపిస్తుంది. ఆ సైరను వెనక ఎన్ని సంతకాలుంటాయో వాడి వల్లే తెలిసింది.

ఆమె మే నెలాఖరులో వచ్చేసింది. వరసలోనే నిలబడి, వంతు వచ్చాకే కాగితం తీసుకుంది. ఊరికి వచ్చిన మూడో రోజు మా ఇంటికొచ్చింది. నేనూ అప్పుడు అక్కడే ఉన్నా. సంచీలో ఒక కోడాలి తైలం సీసా, అంతే. కువైట్‌ నుంచి వచ్చినోళ్లు టాంగ్‌ డబ్బాలు, నీడో పాలపొడి, దుప్పట్లు తెస్తారు మా వైపు.

'మీ వాడు నన్ను తెలీనట్టే ఉన్నాడు వదినా' అంది. అమ్మ ముఖం వాడిపోయింది.

'అందరినీ అడిగినట్టే పేరు అడిగినాడు, ఊరు అడిగినాడు. నాకు రాయను రాదంటే ఫారం తానే రాసినాడు. మా ఊరు ఇంగిలీసులో ఎట్ల రాయాల్నో వానికి తెల్సు గదా! నా ముందరామెకు మూడు తూర్లు రాసినారు పాపం. ఆఖరికి కాగితం ఇచ్చేటప్పుడు నా ముఖం చూడకుండానే అడిగినాడు, పాప పెండ్లి అయిందా పిన్నీ అని.'

అమ్మ లోపలికి పోయింది. కాసేపటికి పళ్లెంలో ఓళిగలు తెచ్చి ఆమె ముందు పెట్టింది. ఆ సాయంత్రం తమ్ముడికి ఫోన్‌ చేసి ఏం మాట్లాడిందో నాకు చెప్పలేదు.

2025లో వాడి మూడేళ్లూ నిండాయి. ఇప్పుడు మళ్లీ ఢిల్లీలో ఫైళ్ల మధ్య ఉన్నాడు. తర్వాతి పోస్టింగుకు ఈసారి చల్లటి ఊళ్లు రాస్తాడో లేదో నాకు అనుమానమే. అరబ్బీ మాటలు నేర్చుకున్నది వృథా పోతుందేమో అంటున్నాడు.

వాడు కువైట్‌ విడిచినా అమ్మ ఫోన్‌కు కువైట్‌ నంబర్లు వస్తూనే ఉన్నాయి. ఆమె ఒక నోటుపుస్తకం పెట్టుకుంది. మొన్న సంక్రాంతికి నేను ఊరికెళ్తే అరుగు మీద నందిమండలం నుంచి వచ్చిన ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. కూతురు నెల రోజులుగా ఫోన్‌ చేయడం లేదట. అమ్మ కళ్లజోడు సవరించుకుని, పేజీ తిప్పి, వేలితో గీత మీద పెట్టి అడుగుతోంది.

'పాస్‌పోర్టు నంబరుందా అన్నా? లేదా... పోనీ సివిల్‌ ఐడీ నంబరు? సేటు పేరు? ఏజెంటు ఇచ్చిన రసీదు? ఏదో ఒకటి ఉంటాది, ఇల్లంతా వెతుకు. నాలుగు మెతుకులు తిని పో, కాగితాలు తీస్కోని సాయంత్రానికి రా.'